ప్రతిభ ఎక్కడికి పోతుంది? ఎందుకు పోతుంది?

(విద్యార్థులు, తల్లిదండ్రుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో 'బయటి దేశం' అనే మాటకు రెండు తరాల్లోనే అర్థం మారిపోయింది. నిన్నటి తరానికి అది జిద్దా, రియాద్, దుబాయ్, కువైట్. డ్రైవరుగానో, ఎలక్ట్రీషియనుగానో, దుకాణంలో సహాయకుడిగానో వెళ్ళిన తండ్రి రెండేళ్ళకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఆయన పంపిన డబ్బుతో చదువుకున్న బిడ్డ నేడు బీటెక్కో, ఫార్మసీయో, ఎమ్మెస్సీయో పూర్తి చేసి అమెరికా, జర్మనీ, కెనడా పేర్లు చెబుతున్నది. అందుచేత తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ దేశం మంచిది?"

ఈ ప్రశ్నకు ఒక దేశం పేరు చెప్పి ఊరుకోవడం సరికాదని మేము భావిస్తున్నాము. ఏ దేశాన్నయినా మూడు విషయాలలో పరీక్షించి చూడాలి. పరిశోధనకు ఆ దేశం ఎంత ఖర్చు పెడుతున్నది? పరిశోధకుని ఇంట్లో జబ్బు చేసినా, కాన్పు వచ్చినా, ఉద్యోగం పోయినా ఆదుకునే ఏర్పాటు ఏమున్నది? అన్నిటినీ మించి, ఆ దేశం అతనిని తనవాడుగా గౌరవిస్తుందా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ప్రతిభ అక్కడ నిలవదు.

ముందుగా జర్మనీ సంగతి చూద్దాం. 1961లో పశ్చిమ జర్మనీకి, తుర్కియేకు మధ్య కార్మికుల ఒప్పందం కుదిరింది. ఆ రోజుల్లో వెళ్ళిన వేలాది కార్మికుల్లో ఒకరు కొలోన్ నగరంలోని ఫోర్డ్ కార్ల కర్మాగారంలో పనిచేశారు. ఆయన కుమారుడు ఉగుర్ షాహిన్ నాలుగేళ్ళ వయసులో తండ్రి దగ్గరికి చేరాడు. ప్రాథమిక పాఠశాల ముగిశాక ఆ బాలుణ్ణి విశ్వవిద్యాలయానికి దారితీసే గిమ్నాజియంకు కాక, తక్కువ స్థాయి బడికి పంపమని ఉపాధ్యాయుడు సిఫారసు చేశాడు. పొరుగింటి జర్మన్ ఒకాయన కల్పించుకొని మాట్లాడడం వల్ల గిమ్నాజియంలో చోటు దొరికింది. అటు తరువాత వైద్యవిద్య, క్యాన్సర్ పరిశోధన. ఒక తుర్కియే వైద్యుని కుమార్తె అయిన తన భార్య ఓజ్లెమ్ త్యూరెజీతో కలిసి 2008లో మైంజ్ నగరంలో బయాన్‌టెక్ సంస్థను స్థాపించారు. 2020లో కోవిడ్ టీకాతో ఆ పేరు లోకమంతటికీ తెలిసింది.

ఈ వృత్తాంతంలో రెండు పాఠాలున్నాయి. వలస కార్మికుని బిడ్డ అనే చిన్నచూపు అక్కడా ఉన్నది. దానిని దాటించడానికి ఒక పొరుగువాడు కావలసి వచ్చాడు. అయితే ఆ ఒక్క గడప దాటిన తరువాత, కర్మాగార కార్మికుని సంపాదన కొడుకు వైద్యవిద్యకు అడ్డు రాలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఫీజు లేకపోవడమే దానికి కారణం. సంక్షేమం అంటే దానధర్మం కాదు, పేదవాని ఇంట పుట్టిన ప్రతిభను దేశం పోగొట్టుకోకుండా చూసుకునే ఏర్పాటు.

నేటికీ జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో కొన్నిచోట్ల తప్ప విదేశీ విద్యార్థులకు కూడా ట్యూషన్ ఫీజు లేదు. ఖాతాలో ఏడాది ఖర్చుకు సుమారు 12 వేల యూరోలు చూపించాలి. విజ్ఞానశాస్త్రాలలో పీహెచ్‌డీ చేసేవారిని సాధారణంగా జీతం ఇచ్చి ఉద్యోగులుగా నియమిస్తారు. ఆరోగ్య బీమా, పింఛను ఆ జీతంతోపాటే వస్తాయి. కాన్పుకు ముందు ఆరు వారాలు, తరువాత ఎనిమిది వారాలు వేతనంతో కూడిన రక్షణ ఉన్నది. ఇక ఇబ్బందులు కూడా చెప్పాలి. భాష నేర్వనిదే బతుకు సాగదు. విశ్వవిద్యాలయాలలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ, గడువు ఒప్పందాలు ఎక్కువ. ఉపాధ్యాయినుల హిజాబ్‌పై కొన్ని రాష్ట్రాలు నిషేధాలు పెట్టగా, అందరికీ వర్తించే నిషేధం చెల్లదని 2015లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

అమెరికా దారి వేరు. ఆ దేశం తన స్థూల ఉత్పత్తిలో మూడు శాతానికి మించి పరిశోధనకు వెచ్చిస్తుంది. 2025లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరైన ఒమర్ యాఘీ, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో పాలస్తీనా శరణార్థుల ఇంట పుట్టారు. పదిహేనేళ్ళకు అమెరికా చేరి, మొదట ఒక కమ్యూనిటీ కాలేజీలో, ఆ తరువాత న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదివారు. ఆయనకు తలుపు తెరిచినవి ప్రజల సొమ్ముతో నడిచే విద్యాలయాలే.

కానీ మన పిల్లలలో ఎక్కువమంది ఆ తలుపు గుండా వెళ్ళడం లేదు. ఇల్లు తాకట్టు పెట్టి, అప్పు చేసి, రెండేళ్ళ ఎం.ఎస్.కు వెళుతున్నారు. విజ్ఞానశాస్త్రాలలో నేరుగా పీహెచ్‌డీలో చేరినవారికి సాధారణంగా ఫీజు మాఫీ చేసి నెలనెలా భత్యం ఇస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. ఇక ఉద్యోగం మాట. హెచ్-1బి వీసాలు ఏడాదికి 85 వేలు, అవీ లాటరీ మీద. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతం పరిమితి ఉన్నందున భారతీయులు ఏళ్ళ తరబడి నిరీక్షిస్తున్నారు. కేంద్ర చట్టం ప్రకారం కాన్పుకు దొరికేది పన్నెండు వారాల జీతం లేని సెలవు మాత్రమే, అదీ అందరికీ కాదు. పరిశోధనలో అంత ముందున్న దేశం కుటుంబ రక్షణలో వెనుకబడి ఉన్నది.

గల్ఫ్ దేశాల విషయం మన కుటుంబాలకు అనుభవంలో ఉన్నదే. సౌదీ అరేబియా 2009లో కింగ్ అబ్దుల్లా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించింది. చేరిన విద్యార్థులకు అక్కడ పూర్తి ఫెలోషిప్ ఇస్తారు. పరిశోధన చేయదలచిన మన పిల్లలు దానిని తప్పక గమనించాలి. అయితే అదే దేశం 2017లో విదేశీ ఉద్యోగుల కుటుంబ సభ్యులపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము విధించి, ఏటేటా పెంచి 2020 నాటికి 400 రియాళ్ళు చేసింది. ఎంతోమంది హైదరాబాదీలు భార్యాబిడ్డలను ఇంటికి పంపివేయవలసి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు చెమట ధారపోసినా అక్కడ పౌరసత్వం రాదు. మనవారి దేశం గనుక మనలను కడుపులో పెట్టుకుంటుందని అనుకోవడం పొరపాటు.

గౌరవం అనే మూడవ పరీక్షకు చరిత్రే సాక్ష్యం. 1933 ఏప్రిల్‌లో నాజీ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి యూదు ఆచార్యులను విశ్వవిద్యాలయాల నుండి తొలగించింది. అప్పటికి విజ్ఞానశాస్త్రంలో అగ్రస్థానాన ఉన్న జర్మనీ ఆ దెబ్బతో తన మేధస్సును తానే వెళ్ళగొట్టుకున్నది. అదే సంవత్సరం ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయం అటువంటి ఆచార్యులను పిలిచి ఉద్యోగాలిచ్చింది. పాకిస్తాన్‌కు చెందిన అబ్దుస్సలాం భౌతికశాస్త్రంలో 1979లో నోబెల్ అందుకున్నారు. అంతకు ముందే, 1974లో, రాజ్యాంగ సవరణ ద్వారా అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించినప్పుడు, ఆ వర్గానికి చెందిన ఆయన దేశాధ్యక్షుని శాస్త్ర సలహాదారు పదవికి రాజీనామా చేశారు. విశ్వాసాల చర్చ ఈ వేదిక పని కాదు. ఒక దేశం తన అల్పసంఖ్యాకులను పరాయివారిని చేసుకుంటే నష్టపోయేది ఆ దేశమేనని మాత్రం చెప్పక తప్పదు. మనం గర్వంగా చెప్పుకునే బాగ్దాద్ అనువాద ఉద్యమంలో అగ్రగణ్యుడైన హునైన్ ఇబ్న్ ఇస్హాఖ్ క్రైస్తవుడన్న విషయం కూడా గుర్తుంచుకోవాలి.

ఈ మూడు పరీక్షలకూ మన దేశాన్ని కూడా నిలబెట్టాలి. దక్షిణ కొరియా స్థూల ఉత్పత్తిలో దాదాపు ఐదు శాతం పరిశోధనకు పెడుతున్నది. 1966లోనే ఒక జాతీయ పరిశోధనా సంస్థను నెలకొల్పి, మంచి జీతాలిచ్చి, విదేశాలలోని తన శాస్త్రవేత్తలను వెనక్కి పిలుచుకున్నది. భారతదేశం పెడుతున్నది 0.64 శాతం.

ఇక సమాన అవకాశం మాట. 2006లో సచార్ కమిటీ నివేదిక, పేరున్న కళాశాలలలో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒకరు, పీజీ చదివే ప్రతి 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లిములని తేల్చింది. 2011 లెక్కల ప్రకారం జనాభాలో మనం 14.2 శాతం. 2020-21 ఉన్నత విద్యా సర్వేలో మన వాటా 4.6 శాతం. అంతకు ముందటి ఏడు 21 లక్షలుగా ఉన్న ముస్లిం విద్యార్థుల సంఖ్య ఆ ఏడు 19 లక్షల చిల్లరకు పడిపోయింది. సరిగ్గా ఆ తరువాతనే, 2022-23 నుండి మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం నిలిపివేసింది. ఇతర పథకాలతో కలగలిసిపోతున్నదని కారణం చెప్పింది. విదేశీ విద్యారుణంపై వడ్డీ రాయితీ ఇచ్చే 'పఢో పర్‌దేశ్' పథకమూ అప్పుడే ఆగిపోయింది. ఎనిమిదవ తరగతి లోపు పిల్లలకు ఇచ్చే అల్పసంఖ్యాకుల ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా పోయింది.

ఈ మూడింటినీ కలిపి చూడండి. ఆరవ తరగతిలో వచ్చే చిన్న సాయం, పరిశోధనకు వచ్చే ఫెలోషిప్, విదేశీ చదువుకు వచ్చే రాయితీ - ఇవి ఒకే నిచ్చెనకు మెట్లు. కింది మెట్టూ, మధ్య మెట్టూ, పై మెట్టూ తీసివేసి 'ప్రతిభ ఉంటే ఎక్కి రండి' అనడం న్యాయమా? ఫెలోషిప్ ఆగితే మొదట ఇంటికి తిరిగి వచ్చేది ఆడపిల్ల. ఎందుకంటే ఆ డబ్బే పెళ్ళిని మరో మూడేళ్ళు వాయిదా వేయమని తండ్రిని అడిగే ధైర్యం ఆమెకు ఇచ్చింది.

మరి మన కర్తవ్యం ఏమిటి? మొదటిది, ఈ పథకాల పునరుద్ధరణ కోసం అడుగుతూనే ఉండాలి. ఇది యాచన కాదు, పౌరుల హక్కు. విదేశీ విద్యకు రూ. 20 లక్షల వరకు సాయమందించే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ తెలంగాణలో ఉన్నది. గురుకులాలు ఉన్నాయి. వాటిని వినియోగించుకోవాలి, నిధుల విడుదలపై నిఘా పెట్టాలి. రెండవది, మన జకాత్, సదఖా సొమ్ములో కొంత భాగం అర్హులైన పేద విద్యార్థుల ఉన్నత చదువుకు చేరేలా మస్జిద్ కమిటీలు ఉలమాలతో సంప్రదించి ఏర్పాటు చేయాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళగలిగారంటే, మామగారి సాయంతోపాటు కాకినాడలోని ఒక ధర్మసంస్థ ఇచ్చిన హామీ కూడా కారణం. ఆయన పరిశోధనల ఫలమైన మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్ రోగులకు వాడుతున్నారు. ఒక ఊరి ధర్మం ఎంత దూరం పోతుందో చూడండి!

మూడవది, తల్లిదండ్రులకు మా మనవి. కన్సల్టెన్సీవారు దేశం పేరు చెప్పగానే సంతకం చేయకండి. ఫీజు ఎవరు కడతారు, భత్యం వస్తుందా, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, చదువయ్యాక ఎన్నాళ్ళు ఉండనిస్తారు, మా బిడ్డ నమాజు చేసుకుంటూ, హిజాబ్ ధరించి గౌరవంగా పనిచేయగలదా అని అడగండి. ఇల్లు తాకట్టు పెట్టే ముందు హైదరాబాదులోని సి.సి.ఎం.బి., కేంద్రీయ విశ్వవిద్యాలయం, టాటా పరిశోధనా సంస్థలలో ప్రవేశాల గురించి కూడా విచారించండి.

బిడ్డలు వెళ్ళడాన్ని మేము తప్పుపట్టము. విద్య కోసం ప్రయాణం మన సంప్రదాయమే. కానీ ఇక్కడ చోటు లేక వెళ్ళడం వేరు, ఇష్టపడి వెళ్ళడం వేరు. మన పిల్లలకు ఆ రెండవ స్వేచ్ఛ దక్కేవరకు మన పని ముగియదు. షాహిన్ కుటుంబానికి ఆనాడు ఒక పొరుగువాడు దొరికాడు. మన వీధిలో అటువంటి బిడ్డ ఎవరో, ఆ పొరుగువారం మనమే కావాలేమో, ఇంటికి వెళ్ళేటప్పుడు ఆలోచించండి.