వాట్లు కాదు, మాటలు వినబడాలి



"హోమ్ థియేటరూ, రిసీవరూ మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకండీ?" అని మీలో కొందరు అనుకోవచ్చు. కానీ దానికయ్యే డబ్బు చాలా ఇళ్ళల్లో మనం కట్టిన చీటీలోంచో, నెలసరి ఖర్చులో మిగిల్చిన దాంట్లోంచో వస్తుంది. అందుచేత ఎంపికలో మన మాటా చెల్లాలి.

రిసీవరు అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. టీవీ నుంచి వచ్చే ధ్వనిని తీసుకుని, ఏది ఏ స్పీకరుకి వెళ్ళాలో విడదీసి, బలం చేర్చి పంపే పెట్టె అది. పంక్తిలో ఎవరి విస్తట్లో ఏది వడ్డించాలో తెలిసిన ఇల్లాలు లాంటిదనుకోండి. 5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, మనకు పక్కగానో వెనకగానో రెండు, గుండెల్లో దడదడలాడే శబ్దాలకు ఒక సబ్ ఊఫరు. వీటిలో టీవీ కింద నడుమ పెట్టేదే ముఖ్యం. 5.1 లో తయారైన సినిమాల్లో పాత్రల మాటలు చాలావరకు దానిలోంచే వస్తాయి.

అసలు టీవీకి స్పీకర్లు ఉండగా ఇదెందుకూ అంటారా? ఇప్పటి టీవీలు అప్పడంలా పలచనైపోయాయి. చాలావాటిలో స్పీకర్లు చిన్నవి, పైగా నేలకేసో గోడకేసో తిరిగి ఉంటాయి. మా అత్తగారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. సీరియల్ చూస్తూ "ఏవన్నాడే అమ్మాయ్?" అని అడిగి అడిగి, కొన్నాళ్ళకు అడగడం మానేశారు. పెద్దవాళ్ళు అడగడం మానేశారంటే వాళ్ళకి వినబడుతోందని కాదండీ, మనల్ని విసిగిస్తున్నామేమోనని ఊరుకున్నారని. వయసుతో వచ్చే చెవుడులో ముందు సన్నని శబ్దాలు పోతాయి. స, త, ష వంటి అక్షరాలు తెలియవు. సౌండు పెంచితే సంగీతం హోరెక్కుతుంది గాని మాట తేలదు. ముందు చెవి డాక్టరుకి చూపించాలి, రిసీవరు చెవిమిషనుకి బదులు కాదు. అయితే నడుమ స్పీకరు సౌండు ఒక్కటే విడిగా పెంచుకునే వీలు రిసీవరులో ఉంటుంది. మనం డబ్బు పెట్టేది ఆ వీలు కోసమే.

ఇక దుకాణానికి వెళదాం. "నాలుగు వేల వాట్లమ్మా" అనగానే మురిసిపోకండి. డబ్బా మీద పి.ఎం.పి.ఒ. అని వేసే అంకెకు ఒక లెక్కంటూ లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లెన్నో అడగండి. అదైనా యాభైకి నూరు రెట్టింపు కదా అని, సౌండు రెట్టింపవదు. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. పదీ పన్నెండడుగుల గదిలో మాటలు వినడానికి కొద్ది వాట్లే చాలు. కనుక వాట్ల కోసం అదనంగా పోసే డబ్బు స్పీకర్ల మీద పెట్టడం మేలు.

డబ్బు తక్కువైతే అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. 5.1 రిసీవరు తీసుకుని ముందు మూడు స్పీకర్లతో మొదలుపెట్టండి. వెనక స్పీకర్లు లేవని సెట్టింగులో చెబితే, వాటి ధ్వనిని కూడా అది ముందువాటికే పంపుతుంది. మిగిలినవి మరో సంక్రాంతికి చూసుకోవచ్చు. అన్నీ ఒకే డబ్బాలో వచ్చే సెట్లు చౌకే. కాని కొన్నిటికి బయటి స్పీకర్లు అతకవు, ఒకటి పాడైతే మొత్తం మూలపడుతుంది.

బయలుదేరే ముందు టీవీ వెనకభాగం ఫోనులో ఫోటో తీసుకోండి. హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం దగ్గర ఎ.ఆర్.సి. అని ఉంటే ఒక్క తీగతో పని జరుగుతుంది. లేకపోతే ఆప్టికల్ రంధ్రం ఉందేమో చూడండి. స్పీకరు మీది ఓముల అంకె, రిసీవరు వెనక రాసిన కనిష్ఠం కంటే తగ్గకూడదు.

దుకాణాల్లో ఫైటింగు సీనే వేసి చూపిస్తారు. మీరు మాటల సీను వెయ్యమనండి. మన గోదావరి మీద లాంచీ ప్రయాణంతో బాపు గారు 1973లో తీసిన 'అందాల రాముడు' ఉంది కదా, అందులో సంభాషణ ఏదైనా సరే. ముళ్ళపూడి వారి చమత్కారం ఒక్కటీ జారిపోకుండా వినబడితే ఆ స్పీకరు మంచిదే. వీలుంటే పెద్దవాళ్ళనీ వెంట తీసుకువెళ్ళి వినిపించండి.

ఇంటికి తెచ్చాక గది మధ్య నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. నున్నటి టైల్సు నేల, బోసిగోడలు ఉంటే చప్పుడు మార్మోగుతుంది, మాటలు అలుక్కుపోతాయి. నేల మీద జంపఖానా పరిచి, కిటికీలకు మందపాటి కర్టెన్లు వెయ్యండి. ఇది దాదాపు ఖర్చు లేని వైద్యం. స్పీకరు తీగల్లో ఎరుపు ఎరుపుకీ, నలుపు నలుపుకీ కలవాలి. ఒక స్పీకరుకి తారుమారైనా ధ్వని పేలవమవుతుంది.

నరసాపురం లేసు ఎంత ముచ్చటగా ఉన్నా రిసీవరు మీద కప్పకండి. దానికి గాలి ఆడాలి, పైన జానెడు ఖాళీ ఉండాలి. మూడు కాళ్ళ ప్లగ్గుకి ఎర్తింగు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించండి. వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలీ ఉరుములూ మొదలవుతుంటే ప్లగ్గు తీసి, టీవీకి వచ్చే కేబులు తీగ కూడా ఊడదియ్యండి.

బిల్లు మీద మోడలు నంబరు రాయించుకుని, దుకాణం ముద్ర వేసిన గ్యారంటీ కాగితంతో కలిపి గ్యాసు పుస్తకం దగ్గర దాచండి. మన ఊళ్ళో రిపేరు చేసేవాళ్ళున్నారో లేదో డబ్బు కట్టక ముందే అడగండి. సెలవు.