‘చేయు’కి ఇంగ్లీషులో ఇద్దరు

తెలుగు మీడియం పిల్లవాడు ఇంటర్వ్యూలో ‘ఐ డిడ్ ఎ మిస్టేక్’ అంటాడు. ఎదుటివారు పెదవి విరుస్తారు. వాడికి వ్యాకరణం రాక కాదు. మనకు ‘చేయడం’ ఒక్కటే, ఇంగ్లీషులో డూ, మేక్ అని రెండు. హోంవర్కుకి డూ, మిస్టేకుకి మేక్. ప్రామిస్‌కీ, ఫోన్‌కాల్‌కీ మేకే. ఎందుకని అడిగితే సూటి జవాబు దొరకదు. మన దగ్గర మాత్రం ఉందా? తలుపు వేస్తే మూసినట్టు, లైటు వేస్తే వెలిగించినట్టు! ఇవి మనకెవరూ సూత్రం కట్టి చెప్పలేదు, ఇంట్లో విని పట్టుకున్నాం. ఇంగ్లీషులో ఆ వినికిడి మన పల్లె పిల్లలకు లేదు. అందుకే టీచర్లకు నా మనవి: బోర్డు మీద ‘మేక్ అంటే చేయు’ అని వదిలేయకండి. ‘మేక్ ఎ మిస్టేక్’ అని జంటగా రాసి, పైకి పలికించండి. తడబడినవాణ్ని చూసి క్లాసును నవ్వనివ్వకండి.