ఊపిరి ఒకటే, పలుకు వేరు

 

గుడి మేళంలో నాదస్వరం, కూచిపూడి నాట్యానికి వేణువు, బందరు, గుడివాడ పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్. మూడింటిలోనూ ఊదేది ఊపిరే. మరి పలుకులెందుకు వేరు? వెదురని, చెక్కని సరుకు పేరు చెప్పేస్తాం. ఆ జవాబు నిలవదు. అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ పొందిన శాక్సఫోన్ ఒళ్లంతా ఇత్తడి, అయినా రీడుతో, అంటే రెల్లు బద్దతో, పలుకుతుంది కనుక క్లారినెట్ లాగే చెక్క సుషిర వాద్యాల కుటుంబంలోనే చేరింది. 1971లో భౌతిక శాస్త్రవేత్త జాన్ కోల్ట్‌మన్ వెండి, రాగి, చెక్కలతో ఒకే కొలతల వేణువులు చేయించి చాటునుంచి వినిపిస్తే, ఏది ఏదో శ్రోతలు పోల్చుకోలేకపోయారు.

తేడా అంతా గొట్టంలోని గాలి కదిలే తీరులో ఉంది. వేణువులో గాలి రంధ్రం అంచుకు తగిలి ఊగుతుంది, రెండు కొసలూ తెరిచినట్టే. క్లారినెట్‌లో రీడు ఉన్న కొస మూసినట్టు లెక్క. అందుకే ఇంచుమించు అంతే పొడవున్న పాశ్చాత్య వేణువు కన్నా దాని అడుగు స్వరం దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. పైకి ఊదితే వేణువు షడ్జం నుంచి పైషడ్జానికి వెళుతుంది, క్లారినెట్ దాన్నీ దాటి ఆ పై పంచమం అందుకుంటుంది. నాదస్వరానికీ రెల్లు పీకే ఉంది, కానీ గొట్టం కిందికి పోనుపోను వెడల్పవుతుంది. ఆ ఆకారం వల్ల అది మళ్లీ వేణువులాగే పైషడ్జానికే చేరుతుంది.

అలాగైతే నాదస్వరం చేసేవారు పాత చేవకర్ర కోసం ఎందుకు వెతుకుతారని అడగవచ్చు. ఎండకూ తేమకూ వంగని కర్రే లోపలి కొలతను కాపాడుతుంది. సరుకు విలువ ఆ కాపాడడంలో ఉంది. అంతా నిర్మాణమే అయితే కళాకారుడి పాత్ర ఏమిటన్నది మరో ప్రశ్న. నాదస్వరానికి వేళ్లాడే రంధ్రాలు ఏడే, గమకాలు మాత్రం పెదవి పట్టులోంచి, ఊపిరి ఒత్తిడిలోంచి పుడతాయి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడి, ఆ గడ్డమీదే మన్నన పొందారు. పుట్టిన ఊరు ఆయన బాణీకి హద్దు కాలేదు.

రేపు మనుషుల్ని ఎంచే కుర్చీలో పట్టభద్రులైన మీరూ కూర్చుంటారు. దివిసీమ పల్లెనా, పట్నమా, ఏ కాలేజీ, ఏ మీడియం అన్నవి సరుకు పేర్లు. ఈ మనిషి పని ఎలా చేస్తాడు, ఒత్తిడిలో ఎలా నిలుస్తాడు అన్నది ముందు అడగండి. మీ పట్టాను చూసేవారు కూడా మిమ్మల్ని అదే అడగాలని పట్టుబట్టండి.