తలకు వేసే రంగు, గోడమీది రంగు



రంగును కన్నడంలో బణ్ణ అంటారు. మనం వన్నె అంటాం. రెండూ వర్ణం అనే సంస్కృత పదం నుంచి వచ్చినవే. సరిహద్దు జిల్లాలవాళ్ళం కనుక రెండు మాటలూ మన ఇళ్ళల్లో చెల్లుతాయి. ఈనాటి ప్రసంగం రెండు రకాల రంగుల గురించి. ఒకటి బెంగళూరు యువతీయువకుల తలలమీద కనిపించే రంగు. రెండవది అదే నగరంలో సాయంత్రంపూట చిత్రశాలల గోడలమీద కనిపించే రంగు. ముళబాగిలు, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల నుంచి చదువుకని, ఉద్యోగానికని వెళ్ళిన మన పిల్లలు ఈ రెంటినీ ఒకేచోట చూస్తున్నారు. పండుగకు వచ్చేటప్పుడు మొదటిదాన్ని తలమీద పెట్టుకొని వస్తున్నారు. ఇంట్లో తగవు అక్కడ మొదలవుతున్నది.

మా పక్కవీధిలో ఒక ఉగాదికి ఇదే జరిగింది. నగరంలో చిత్రకళ చదివే అమ్మాయి రెండు పాయలకు నీలిరంగు వేయించుకొని వచ్చింది. "ఈ అవతారంతో దేవళానికి ఎట్ల వస్తావమ్మా?" అన్నాడు తండ్రి. తాను వాడే నల్లరంగు పొట్లం తెచ్చి ఆ సాయంత్రమే పూయించాడు. మూడోనాటికి పిల్ల కనురెప్పలు వాచిపోయాయి. చెవుల వెనుక పొక్కులు లేచాయి. ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "ఇదివరకెప్పుడైనా నల్లగోరింటాకు పెట్టుకున్నావా?" పెట్టుకున్నదట, అక్క పెళ్ళిలో.

ఆ ప్రశ్నకు కారణం ఉంది. గోరింటాకు సహజంగా ఎర్రగానే పండుతుంది. అందులోని లాసోన్ అనే పదార్థం చర్మంలోను, వెంట్రుకలోను ఉండే కెరటిన్‌ను పట్టుకొంటుంది. గోరింటాకు తరువాత నీలి ఆకు పొడి పట్టిస్తే జుట్టు నల్లబడుతుంది. కాని గంటలో నల్లగా పండే కోన్లలో చాలావాటిలో పారా ఫినిలిన్ డైఅమిన్, పొట్టిగా పీపీడీ అనే రసాయనం కలుపుతారు. తలకు వేసే నల్లరంగుల్లో ఎక్కువభాగం పనిచేసేది కూడా ఇదే. ఒకసారి ఇది ఒంటికి పడకపోతే ఆ పడకపోవడం సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. తండ్రికి ఏళ్ళ తరబడి ఏమీ చెయ్యని పొట్లం కూతురికి కీడు చేసింది అందుకే.

ఇటువంటి కృత్రిమ రంగును 1907లో యూజీన్ షూలర్ అనే ఫ్రెంచి రసాయనవేత్త తయారుచేసి పారిస్ క్షౌరశాలలకు అమ్మాడు. రెండేళ్ళకు ఆయన పెట్టిన సంస్థే నేటి లోరియాల్. రంగు పనిచేసే తీరు చిత్రమైనది. అమోనియా వెంట్రుక పైపొరను ఉబ్బిస్తుంది. చిన్న చిన్న అణువులు లోపలికి పోతాయి. పెరాక్సైడు తగిలి అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. ఇక బయటికి రాలేవు. నీలం, గులాబీ వంటి రంగులు వేరు. మన నల్లజుట్టుమీద అవి కనిపించవు గనుక ముందు జుట్టులోని సహజ వర్ణాన్ని బ్లీచింగుతో తీసివేస్తారు. జుట్టు బలహీనపడేది అక్కడే. పైన వేసిన రంగు కొన్ని తలంట్లకు వెలిసిపోతుంది.

ఈనాటి పోకడల్లో బాలయాజ్ అనేది ఒకటి. ఫ్రెంచి భాషలో ఊడ్చడం అని అర్థం. తలంతా ముంచకుండా, కుంచెతో పాయమీద పైనుంచి కిందికి తేలికగా రంగు రాయడం. అంటే చిత్రకారుడి పనే. నల్లని కురులను గీసేటప్పుడు చిత్రకారుడు ఒట్టి నలుపుతో సరిపెట్టడు. వెలుగు పడినచోట నీలం, మరోచోట గోధుమవన్నె కలుపుతాడు. ఆ అమ్మాయికి నీలిపాయ ఆలోచన ఎక్కడ తట్టిందో నాకైతే ఆశ్చర్యం లేదు.

ఇక ఆ గోడల సంగతి. బెంగళూరులో ప్రైవేటు చిత్రశాలల ప్రదర్శనలు చాలామటుకు సాయంత్రం మొదలవుతాయి. తలుపు తోసుకొని ఎవరైనా వెళ్ళవచ్చు. సాధారణంగా టికెట్టు ఉండదు. కొనాలన్న నియమం లేదు. చిత్రం పక్కన చిన్న ఎర్రబొట్టు అంటించి ఉంటే అది అమ్ముడైనట్టు గుర్తు. గీసినవారు అక్కడే ఉంటారు, అడిగితే చెప్తారు. ప్యాలెస్ రోడ్డులోని మాణిక్యవేలు భవనంలో 2009లో జాతీయ ఆధునిక కళా చిత్రశాల తెరిచారు. కస్తూర్బా రోడ్డులో 2023లో కళ, ఛాయాచిత్రాల మ్యూజియం వచ్చింది. కుమారకృప రోడ్డులో 1960లో స్థాపించిన కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఉంది. ఏటా జనవరిలో ఆ రోడ్డుపొడుగునా చిత్రసంతె జరుగుతుంది. పేరులోనే ఉంది, అది సంత. బేరమాడవచ్చు.

పరిషత్తులో మనవాళ్ళు తప్పక చూడవలసినవి రెండున్నాయి. ఒకటి తోలుబొమ్మలు. జాతరల్లో తెరవెనుక దీపం వెలుగులో చూసిన ఆ ఎరుపు, ఆ పచ్చ అక్కడ దగ్గరగా చూడవచ్చు. రెండవది స్వెతోస్లావ్ రోరిక్ చిత్రాలు. ఆయన భార్య, నాటి సినీతార దేవికారాణి పుట్టింది మన వాల్తేరులోనే, 1908లో. భార్యాభర్తలు బెంగళూరు శివార్లలో తాతగుణి తోటలో చాలాకాలం ఉన్నారు.

ఆ చిత్రశాలల్లో రంగుజుట్టు పిల్లలను చూసి, అది మనం అడుగుపెట్టే చోటు కాదని పెద్దలు వెనుదిరుగుతున్నారు. నేను చెప్పదలచినది ఇంతే. నలభై దాటి మనం వేసుకొనే నలుపూ రంగే. అది మర్యాద, పిల్లల నీలం అమర్యాద అనడానికి ఆధారం అలవాటు తప్ప మరొకటి లేదు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అని మన పెద్దలే అన్నారు. కనుక బిడ్డ రంగుతో వస్తే, ఎందుకు వేసుకున్నావని కాక, పరీక్షించి వేసుకున్నావా అని అడగండి. ఏ రంగైనా 48 గంటల ముందు మోచేతి మడతలోనో, చెవి వెనుకనో కాస్త రాసి చూడాలి. దురద, వాపు కనిపిస్తే వాడకూడదు. బ్లీచింగు చేసిన తలమీద, మన పరువుకోసం, ఆ వారంలోనే నల్లరంగు పూయించవద్దు. పొట్లాలు చిన్నపిల్లలకు అందనివ్వవద్దు.

ఈసారి నగరానికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం ఆ పిల్లలనే వెంట తీసుకొని చిత్రశాలకు వెళ్ళండి. అక్కడ దారి చూపేది వాళ్ళు. తోలుబొమ్మల దగ్గర కథ చెప్పవలసినది మీరు.