విశ్వాసము – పరిణామము: ఫాదర్ తెయ్యార్ ద షార్డెన్ మనకిచ్చిన వెలుగు



మన ఉప్పల్ రోడ్డున 1961లో స్థాపించిన ఎన్.జి.ఆర్.ఐ. భూగర్భాన్ని, 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. జన్యువులను పరిశోధిస్తున్నాయి. మన పిల్లలు బడిలో పరిణామవాదం చదివి వచ్చి, మరి ఆదికాండం సంగతేమిటని అడుగుతున్నారు. మనం గద్దిస్తే వారి సందేహం తీరదు. మనల్ని అడగడం మాత్రం మానేస్తారు.

ఈ ప్రశ్నను జీవితాంతం మోసినవారు యేసు సభ గురువు తెయ్యార్ ద షార్డెన్ (1881–1955). ఆయన చైనాలో పెకింగ్ మానవుని అవశేషాల పరిశోధనలో పాల్గొన్న శాస్త్రజ్ఞులు. సృష్టి ఇంకా సాగుతున్నదనీ, క్రీస్తునందే పరిపూర్ణత పొందుతుందనీ ఆయన విశ్వసించారు. జీవించి ఉండగా ఆయన ముఖ్య దైవశాస్త్ర రచనల ప్రచురణకు అనుమతి దొరకలేదు. అయినా సభను వీడలేదు, పరిశోధన మానలేదు. 1962లో రోము ఆ రచనలపై హెచ్చరిక చేసింది. ఆదిపాపమును గురించిన ఆయన భావాలపై నేటికీ చర్చ ఉన్నది. 2015లో పోపు ఫ్రాన్సిస్ తమ 'లౌదాతో సి' లేఖలో ఆయనను స్మరించారు.

1923లో ఓర్డోస్ ఎడారిలో పూజకు అప్పము, ద్రాక్షారసము లేనప్పుడు, ఆయన లోకమంతటి శ్రమను, బాధను దేవునికి అర్పించారు. నాచారం కర్మాగారాల్లో రాత్రి షిఫ్టు చేసే మనవారి చెమటకూ ఆ అర్పణలో చోటున్నది.

పిల్లల ప్రశ్నకూ చోటిద్దాం. తెలియనిచోట తెలియదని చెప్పి, వారితో కలిసి వెదకుదాం.