కంపెనీ కార్డు ఉందిగా అనుకుంటే

లెక్కల మాస్టారి ఎదుట లెక్క చెప్పాలంటే నాకు ఇప్పటికీ భయమే. అయినా ఒకటి చెబుతాను.

మూడేళ్ల కిందట అమ్మకు మోకాలి ఆపరేషన్. మా కంపెనీ ఇన్సూరెన్సు తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. ఆ ధీమాతో మంచి గది తీసుకున్నాను, రోజుకు రూ.8,000. పాలసీలో గది అద్దె పరిమితి రూ.5,000. తేడా మూడు వేలే కదా, నాలుగు రోజులకు పన్నెండు వేలు కట్టేద్దాం అనుకున్నాను. డిశ్చార్జి రోజున తెలిసింది, సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో కోసేశారని. రూ.80,000కు 50,000 ఇచ్చారు. మందులకు, అమర్చిన కీలుకు ఆ కోత లేదు, అదే నయం. అమ్మేమో, "ఆ కిటికీలోంచి కనపడింది స్కూటర్ల స్టాండేగా నాయనా!" అంది.

అప్పుడు కూర్చుని పాలసీ చదివాను. చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజుల పరీక్షలు, మందుల ఖర్చూ అందులో ఉంది! డ్రాయర్లో పడేసిన బిల్లులన్నీ వెతికి పంపితే కొంత వెనక్కొచ్చింది.

మన బ్యాచ్‌కి రిటైర్మెంటు దగ్గరపడింది. ఉద్యోగంతోపాటే ఆ కార్డూ పోతుంది. అప్పుడు కొత్త పాలసీకి వెళితే బీపీ, షుగర్లకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. అందుకే నేను ఇప్పుడే సొంత పాలసీ తీసుకున్నాను. మీరూ మానేసేలోపే, అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో అడగండి.

70 నిండిన అమ్మానాన్నలుంటే, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ కార్డు వస్తుంది. ఆధార్ తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక పదో తరగతి గదిలోకి రండి, ఫోన్లో ఎలా నమోదు చేయాలో చూపిస్తాను.