రెండు సర్వర్లు, ఒకే రిజిస్టరు

రెండు ఆఫీసులకు వేర్వేరు మెయిల్ సర్వర్లుంటే, ఒకచోటి సిబ్బంది పేర్లు రెండోచోట కనిపించేలా చేయడమే డైరెక్టరీ సింక్రనైజేషన్. రిటైరయ్యే ముందు ఈ పని దగ్గరుండి చూశాను. మనం సీనియారిటీ లిస్టు సరిచూసినట్లే! దీనికి వాడే ఎల్‌డాప్ పద్ధతి 1993లో వచ్చింది.

ముందు ఏ జాబితా అసలో, ఏది నకలో తేల్చాలి. రెండుచోట్లా దిద్దితే ఏది నమ్మాలో తెలియదు. పేరుతో కాదు, ఉద్యోగి నంబరుతో జత కలపాలి. ఒకే ఇంటిపేరున్న వెంకటేశ్వరరావులు మన ఆఫీసుల్లో ఎందరు! పేరును నమ్ముకుంటే ఒకరి ఫ్యామిలీ పెన్షన్ కాగితం మరొకరి పెట్టెలో పడుతుంది. పాపం, ఆ ఇల్లాలు నెలల తరబడి ఎదురుచూడాలి.

కొత్త పేరు చేరిందో లేదో అందరూ చూస్తారు. ఇక్కడ తీసేసిన పేరు అక్కడా పోయిందా? అది ఎవరూ చూడరు. మొదట పదిమంది పేర్లతో నడిపి, లాగ్‌ను తపాలా రిజిస్టరులా రోజూ పొద్దున్నే చదవాలి.